ఇంట్లో ఇంకో హమీదాబీ

మిట్టమధ్యాహ్నం, చేతిలో కూరగాయల సంచీతో, సొంత ఇంటి గడప ముందే నిలబడిపోయింది హమీదాబీ... గడపలో కూర్చున్న మనిషి ఆమెను లోపలికి రానివ్వడం లేదు!

ఆ మనిషి పరాయివాడేమీ కాదు, ఆమె భర్త మాబాషా. నలభై ఏళ్లు ఆళ్లగడ్డలో దూది ఏకి, పరుపులు కుట్టి, సగం ఊరిని మెత్తగా పడుకోబెట్టిన మాబాషా! ఇప్పుడు ఆమె పాత శాలువా నెత్తిన కప్పుకొని, దాని అంచు పళ్ల మధ్య బిగించి, ఎడమ మోకాలు నొక్కుకుంటూ కూర్చున్నాడు. ఆ మోకాలి నొప్పి హమీదాబీది. ఆయనకు ఏనాడూ లేదు.

"మా ఆయన ఇంట్లో లేడమ్మా," అన్నాడు. "అంగడి కాడికి పోయినాడు. సాయంత్రం రా."

గొంతు ఆయనదే... మాట తీరు మాత్రం తనది! చివరి మాటను కాస్త సాగదీయడం, ఆ వెంటనే చిన్న నిట్టూర్పు విడవడం తన అలవాట్లని హమీదాబీకి ఇవాళే తెలిసింది. తనను తాను ఎదురుగా కూర్చోబెట్టుకుని చూసుకునే గతి ఏ ఆడదానికి పడుతుంది! సంచీలోంచి రెండు టమోటాలు జారి దొర్లిపోయినా వంగి తీసుకోలేదు.

"నేనయ్యా... హమీదాను," అంది మెల్లగా.

మాబాషా ఆమెను కింది నుంచి పై దాకా చూశాడు. ఆ చూపులో కోపం లేదు. ఎవరో మతిలేని మనిషి ఇంటి ముందుకొచ్చిందే, పాపం, అన్న జాలి ఉంది.

"హమీదా నేను కదమ్మా," అన్నాడు.

లోపలి నుంచి కోడలు జబీనా వచ్చి, అన్నం చల్లారిపోతోంది రమ్మని మామను లేపింది. ఆయన మోకాలి మీద చెయ్యి ఆనించి, యా అల్లా అని మూలిగి, ఎడమ కాలు కాస్త ఈడుస్తూ లోపలికి నడిచాడు. జబీనా ఆ నడకను చూసింది, తర్వాత అత్త ముఖం చూసింది.

ఇదంతా తన చేతులారా చేసుకున్నదేనని హమీదాబీకి తెలుసు. తెలిసి ఎవరితో చెప్పుకుంటుంది?... ఎవరి చెవిన పడినా, మొదట ఊడిపోయేది ఆయన మందే!

రెండేళ్ల కిందట మొదలైంది ఆయన మతిమరుపు. మొదట్లో ఇంట్లో నవ్వుకున్నారు కూడా. ఒక పెళ్లివారికి పరుపు కుట్టి ఇచ్చాడు మాబాషా. నాలుగు మూలలూ తీర్చిదిద్దినట్టు ఉన్నాయి, కుట్టు కుట్టూ లెక్కగా ఉంది, లోపల మాత్రం దూది లేదు! ఉత్త గలేబుకు అంత అందంగా కుట్లు వేసిన మొనగాడు ఆళ్లగడ్డలో ఇంకొకడు లేడని కొడుకు షఫీ ఎగతాళి చేశాడు. ఆ నవ్వు నెల తిరక్కుండానే ఆరిపోయింది. మాబాషా మసీదుకని బయల్దేరి హైవే మీద నడుస్తూ దొరికాడు. షఫీని పట్టుకుని నువ్వు ఎవరి పిల్లోడివి అని అడిగాడు. షఫీ అంగడిలోకి వెళ్లి, దూది ఏకే మిషను గట్టిగా తిరుగుతుండగా, ఆ చప్పుడులో ఏడ్చి వచ్చాడు.

డాక్టర్లందరూ ఒకే మాట చెప్పారు. ఇది తగ్గేది కాదు, రోజురోజుకూ ఇంకాస్త దిగిపోతుంది, అంతే. అట్లాంటి సమయంలో నంద్యాలలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో కొత్త మందు ఇచ్చి చూస్తున్నారని తెలిసింది. అక్కడ డాక్టరు కరుణ అని, చిన్న వయసు మనిషి, ఓపికస్తురాలు. భార్యాభర్తలను ఎదురుగా కూర్చోబెట్టుకుని, కెమెరా పెట్టి, గంటసేపు కాగితాలు చదివి వినిపించింది. ఈ మందును జంతువులకు ఇచ్చి చూశారు, ఆరోగ్యంగా ఉన్న కొంతమందికి ఇచ్చి చూశారు, జబ్బు ఉన్నవాళ్లకు ఇవ్వడం ఇదే మొదలు అంది. ఇది నయం చేస్తుందని మేం మాట ఇవ్వడం లేదు, మనిషి ఒంటికి ఎంతవరకు పడుతుందో చూడడమే ఇప్పటి పని అంది. మొదట మాబాషాతో కలిపి ఎనిమిది మందికి కొద్దిగా ఇస్తారు. వాళ్లకు ఏ ఇబ్బందీ లేకపోతే, తర్వాతి గుంపుకు దానికి మూడింతలు. కొన్ని మాత్రల్లో మందే ఉండదు, ఉత్త పొడి ఉంటుంది, ఎవరికి ఏది పడిందో తనకు కూడా తెలియదు అంది. కళ్లు తిరిగినా, తూలినా, పడినా అదే రోజు ఫోన్ చేయాలని మూడుసార్లు చెప్పింది.

హమీదాబీ అన్నింటికీ తల ఊపింది. నిజం చెప్పాలంటే, అంత పొడుగు మాటల్లో ఆమె చెవికి ఎక్కినవి రెండే. మతిమరుపు, మందు! ఆ రెండూ పక్కపక్కన వినబడ్డాక, మునిగిపోతున్న ఆడది ఇంకేం వింటుంది?

పదిహేను రోజులకొకసారి నంద్యాల వెళ్లాలి. రక్తం తీస్తారు, గీత మీద నడిపిస్తారు. ఆ తర్వాత కరుణ ముందు హమీదాబీని ఒక్కదాన్నే లోపలికి పిలిచి, ఈ పదిహేను రోజుల్లో ఇంట్లో జరిగిన విశేషాలు రెండు మూడు చెప్పమంటుంది. అవి రాసుకుని, మాబాషాను పిలిచి, అవే ఆయన్ని అడుగుతుంది. మొదటి రెండుసార్లూ ఆయన ఒక్కటీ చెప్పలేకపోయాడు. నిన్న ఏం తిన్నావంటే గోడ వైపు చూశాడు. బయట హాల్లో కూర్చున్న ఎవరో ముసలాయన, సరిగ్గా చెప్పలేనోళ్లను మందు మాన్పించి ఇంటికి పంపేస్తారంట అన్నాడు. ఆ మాట ఎవరు చెప్పారో, నిజమో కాదో కనుక్కుందామని హమీదాబీకి తోచలేదు. ఇంటికొచ్చే బస్సులో దారి పొడుగునా ఏడుస్తూనే ఉంది.

మర్నాటి నుంచి ఆయనకు నేర్పడం మొదలుపెట్టింది!

పరుపు కుట్టేటప్పుడు వాళ్లిద్దరిదీ ఒక పద్ధతి. దూది నింపిన పరుపును రెండు బల్లల మధ్య నిలబెట్టి, ఆమె ఇటు, ఆయన అటు కూర్చుంటారు. పొడుగాటి సూదిని ఆమె ఇటు నుంచి గుచ్చి పంపితే, ఆయన అటు నుంచి లాగి, దారం బిగించి, తిరిగి పంపుతాడు. మధ్యలో పరుపు అడ్డం కాబట్టి ముఖాలు కనబడవు. సూదీ, మాటా మాత్రమే అటూ ఇటూ తిరుగుతాయి. మాబాషా అన్నీ మరిచిపోయాడు కానీ, ఆయన చేతులు కుట్టును మరిచిపోలేదు. అది కనిపెట్టింది హమీదాబీ. డాక్టరుకు ఏ విశేషం చెప్పాలో ముందే తనే అనుకుని, తనకు జరిగినవే, తన మాటల్లోనే, సూదితోపాటు ఒక్కో ముక్కా పంపింది. శుక్రవారం చెల్లెలింటికి పోయినా. సూది పంపింది. సేమియా పాయసం తిన్నా. సూది పంపింది. దారిలో చెప్పు తెగిపోయింది... అటు నుంచి ఆయన ఒక్కో కుట్టుకూ ఆ ముక్కే తిరిగి చెప్పేవాడు. వందసార్లు, రెండు వందలసార్లు. నోటికి రాని మాట చేతికి వచ్చింది!

ఆ తర్వాత ఆస్పత్రిలో కరుణ అడిగితే మాబాషా తల దించుకున్నాడు. ఒళ్లో ఉన్న చేతి వేళ్లు మాత్రం గాలిలో దారం లాగడం మొదలుపెట్టాయి. చెల్లెలింటికి పోయినా అన్నాడు. వేళ్లు లాగాయి. పాయసం తిన్నా అన్నాడు. కరుణ కళ్లు వెలిగాయి. హమీదాబీ కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆ కన్నీళ్లలో సంతోషం ఎంతో, దొంగతనం చేసిన భయం ఎంతో ఆమెకే తెలియలేదు.

నెలలు గడిచాయి. ఆ హాల్లోనే పరిచయమైంది విజయమ్మ. పాములపాడు వైపు వ్యవసాయం చేసుకునేవాళ్లు. ఆమె భర్త సుబ్బయ్యకూ ఇదే జబ్బు. మూడింతల మందు ఇవ్వబోయే రెండో గుంపులో ఆయన పేరు రాసుకున్నారు. మాబాషా ప్రశ్నలకు జవాబులు చెబుతున్నాడని హాలంతా చెప్పుకుంటుంటే విజయమ్మ వచ్చి హమీదాబీ చెయ్యి పట్టుకుంది. మొదట్లో భయపడి వద్దనుకున్నామనీ, మాబాషాను చూశాకే ధైర్యం వచ్చి సంతకం పెట్టామనీ చెప్పింది. హమీదాబీ చెయ్యి వెనక్కి తీసుకోలేక, అట్లాగే ఉంచనూ లేక నలిగిపోయింది.

ఎందుకంటే అప్పటికే మాబాషా పడిపోవడం మొదలైంది. మాత్ర వేసుకున్న గంటకల్లా కళ్లు ఒకచోట నిలిచిపోయేవి. లేచి రెండడుగులు వేసి, ఎడమ పక్కకు ఒరిగి, నిలువునా కూలిపోయేవాడు. ఒకసారి మిషను అంచు తగిలి నుదురు చీలింది. రోజూ ఆయన ఎట్లా ఉన్నాడో రాయాల్సిన పుస్తకం ఒకటి ఇచ్చారు ఆస్పత్రివాళ్లు. హమీదాబీకి చదువు రాదు, చెబితే జబీనా రాసేది.

"అత్తా, పడినాడని రాయల్ల కదా," అంది జబీనా ఆ రోజు, కలం పట్టుకుని.

"రాయొద్దు. బాగుండాడని రాయి."

"డాక్టరమ్మ మూడుసార్లు చెప్పింది..."

"రాస్తే మందు ఆపేస్తారు. ఆపితే మీ మామ మళ్లా మనకు లేడు. నీకు చేతులెత్తి మొక్కుతా, రాయొద్దు."

అత్త చేతులు నిజంగానే పైకి లేచేసరికి జబీనా బెదిరిపోయి, బాగున్నాడు అని రాసింది. నుదుటి గాయం సంగతి అడిగితే తలుపు తగిలిందని చెప్పారు.

ఇదొక ఎత్తు. రెండోది దీనికన్నా భయంకరం... అడగకపోయినా మాబాషా నోటి నుంచి ఆ ముక్కలు రావడం మొదలైంది! చెప్పు తెగిపోయింది అంటూ తన చెప్పులు రెండూ తిప్పి చూసుకునేవాడు. చెల్లెలు ఎట్లుండాదో అని దిగులుపడేవాడు. ఆయనకు చెల్లెళ్లే లేరు! హమీదాబీ పప్పు తిరగమోత పెడుతుంటే వెనక వచ్చి నిలబడి, ఇంగువ తక్కువైందని ఆమె తీరులోనే గొణిగేవాడు. రోజులు గడిచేకొద్దీ ఆమె నేర్పనివి కూడా చేర్చుకున్నాడు. ఆమె దగ్గు, ఆమె మూలుగు, ఆమె కొంగు సర్దుకోవడం. నేర్పిన మాటల వెంబడే ఆ మాటల మనిషి కూడా ఆయనలోకి నడిచి వెళ్లిపోయిందా అనిపించేది. ఒక మధ్యాహ్నం షఫీ అంగడి నుంచి వచ్చి, వరండాలో మూలుగు విని, అమ్మా మోకాలికి మందు రాయనా అంటూ వెళ్లి చూస్తే అక్కడ ఉన్నది నాయన! ఆ రోజు నుంచి షఫీ ఇంట్లోకి వచ్చే ముందు దగ్గి, వంగి చూసి వస్తున్నాడు. పట్టపగలు కూడా ఆ ఇంట్లో మనుషులు ఒకరికొకరు భయపడి తిరుగుతున్నారు. తాను బతికుండగానే తన ఇంట్లో తానే ఎక్కువైపోయినట్టు అనిపించేది హమీదాబీకి. అద్దంలో ముఖం చూసుకోవడం మానేసింది.

చివరికి ఈ రోజు, గడప దగ్గర, హమీదా నేను కదమ్మా అనేశాడు.

మర్నాడే నంద్యాల వెళ్లాల్సిన రోజు. ఉదయం బస్సెక్కినప్పటి నుంచి ఆమె మనసు మనసులో లేదు. ఆస్పత్రి హాల్లో విజయమ్మ కొత్త చీర కట్టుకుని, సుబ్బయ్యకు ఉతికిన పంచె కట్టించి, దేవుడి బొట్టు పెట్టించి కూర్చోబెట్టింది. ఈ పూటే ఆయనకు మొదటి మాత్ర.

"నీ మొగున్ని చూసే కదక్కా మేము ఒప్పుకుండేది," అంది హమీదాబీని చూసి, నిండుగా నవ్వుతూ. "నీ మేలు మరిచిపోను."

హమీదాబీ ఏదో అనబోయింది. లోపలి నుంచి పిలిచారు.

ఆ రోజు కరుణ పద్ధతి మార్చింది. ఈ పదిహేను రోజుల సంగతులు బాగానే చెబుతున్నారు కదా, ఇవాళ పాతవి అడుగుతాను, మీరిద్దరూ ఇక్కడే ఉండండి అంది. పెళ్లయిన కొత్తలో జరిగింది ఏదైనా చెప్పమని మాబాషాను అడిగింది. దానికి హమీదాబీ ఏమీ నేర్పలేదు! ఇక అయిపోయింది, అంతా బయటపడుతుంది అనుకుని కళ్లు మూసుకుంది.

ఈసారి మాబాషా వేళ్లు కదలలేదు. శాలువా లేకపోయినా, భుజం మీది తుండుగుడ్డ తీసి నెత్తిన కప్పుకున్నాడు. తర్వాత మెల్లగా, హమీదాబీ తీరులోనే మొదలుపెట్టాడు.

"నంద్యాల బస్టాండులో కూసున్నా. పిల్లోడు ఒళ్లో ఉండాడు. అత్త నోటికొచ్చినట్టు తిట్టింది, ఆయన పక్కనే ఉండి నోరు తెరవలేదు. నేను పుట్టింటికి పోతాండా. నందికొట్కూరు బస్సులు రెండు పోయినాయి. మూడోదానికి లేచినా. మెట్టు మీద కాలు పెట్టినా, దిగినా. కండక్టరు తిట్టినాడు. పిల్లోడు ఏడ్చినాడు..."

హమీదాబీ కళ్లు తెరిచింది.

నిజమే. ముప్పై ఏడేళ్ల కిందటి మాట అది. షఫీకి అప్పుడు నాలుగో నెల. అత్త మాటలు పడలేక, అంతకన్నా ఆయన మౌనం భరించలేక, ఎవరికీ చెప్పకుండా పిల్లవాణ్ణి ఎత్తుకుని బయల్దేరింది. పుట్టిల్లు జూపాడు బంగ్లా. నంద్యాలలో దిగి, నందికొట్కూరు బస్సు పట్టుకోవాలి. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ఆ బస్టాండు బెంచీ మీదే కూర్చుంది. ఎందుకో ఎక్కలేకపోయింది. తిరిగి ఆళ్లగడ్డ వచ్చేసరికి మాబాషా ఎప్పటిలాగే దూది ఏకుతున్నాడు. యాడికి పోయినావు అని ఒక్క మాట అడగలేదు. తాను ఇంట్లో లేనని కూడా ఈ మనిషి చూసుకోలేదే అనుకుంది. ఆ బాధను ముప్పై ఏడేళ్లు కడుపులో దాచుకుంది. తల్లికి చెప్పలేదు, చెల్లెలికి చెప్పలేదు, కన్న కొడుక్కి చెప్పలేదు. నిద్రలో కూడా పైకి అని ఉండదు!

అది ఆయన నోటికి ఎట్లా వచ్చింది? తాను పంపిన మాటల వెంట పంపని మాటలు కూడా వెళ్లిపోయాయా? తన లోపల ఉన్నదంతా ఒక్కొక్క దారమే ఆయన లాగేసుకుంటున్నాడా?... హమీదాబీ కుర్చీ పట్టుకుని లేచింది.

"అమ్మా," అంది. "ఈ మందు ఒకరి మనసు తీసి ఇంకొకరిలో పెడతాదా?"

కరుణ నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆగిపోయింది. అట్లాంటి మందు లోకంలో లేదు పెద్దమ్మా అని కూర్చోబెట్టి, మంచినీళ్లు ఇచ్చింది. "ఆయన నోట ఒక సంగతి వచ్చిందంటే రెండే దారులు. మీరు చెప్పి ఉండాలి. లేకపోతే ఆయన చూసి ఉండాలి."

"నేను చెప్పలేదమ్మా. మా అల్లా మీద ఒట్టు. ఎవరికీ చెప్పలేదు."

"అయితే చూశారు."

అంత మామూలుగా అంది ఆ మాట! హమీదాబీకి ఆ రోజు సాయంత్రం మళ్లీ కళ్ల ముందుకు వచ్చింది. దూది ముందు కూర్చున్న మాబాషా చొక్కా వీపంతా చెమటతో తడిసి అతుక్కుపోయి ఉంది. పొద్దుటి నుంచీ పని చేశాడులే అనుకుంది తాను. పని కాదు... పరుగు! తన వెనకే వచ్చాడు. తాను బెంచీ మీద ఉన్నంతసేపూ ఎక్కడో నిలబడ్డాడు. ఏ లారీ పట్టుకునో తనకన్నా ముందు ఇల్లు చేరి, ఏమీ ఎరగనట్టు కూర్చున్నాడు. నన్ను చూసుకోలేదు చూసుకోలేదని ఒక జీవితమంతా కుమిలిపోయిందే తాను! ఖాళీ గలేబు అనుకుని ఆయన్ని తన మాటలతో కుక్కి నింపింది. ఆ మనిషి లోపల ఆయన ఇన్నాళ్లూ అట్లాగే ఉన్నాడు.

కరుణ కాగితాలు వెనక్కి తిప్పుతోంది. ఆమె ముఖం మారింది.

"పెద్దమ్మా, ఇది మీరు చెప్పలేదంటున్నారు. మరి ఇంతకు ముందువి?"

అప్పుడే తలుపు అవతల నర్సు గొంతు వినబడింది. సుబ్బయ్యగారూ, రండి, మాత్ర వేసుకోవాలి అంటోంది.

కాదని ఒక్క అబద్ధం ఆడితే చాలు, ఆయన మందు ఆయనకు ఉంటుంది. ఆయన మళ్లీ మనిషి అవుతాడన్న ఆశ తనకు ఉంటుంది. హమీదాబీ భర్త ముఖం చూసింది. తుండుగుడ్డ అంచు పళ్ల మధ్య పెట్టుకుని, తనలాగా తనకేసి చూస్తున్నాడు.

"ఆ మాత్ర ఇయ్యొద్దని చెప్పమ్మా," అంది. "నేను అన్నీ అబద్ధం చెప్పినా. ఆయన పడిపోతాండాడు. మాత్ర మింగిన గంటకు పడిపోతాండాడు. నుదురు పగిలింది అందుకే."

కరుణ కుర్చీ వెనక్కి పడిపోయేంత వేగంగా లేచి బయటికి పరిగెత్తింది. తలుపు సందులోంచి హమీదాబీకి కనబడింది. సుబ్బయ్య అరచేతిలో మాత్ర ఉంది, రెండో చేతిలో నీళ్ల గ్లాసు ఉంది. కరుణ ఆ అరచేతిని తన అరచేతితో మూసేసింది.

ఆ తర్వాత గంటసేపు హమీదాబీ అన్నీ చెప్పింది. కుట్టుతో నేర్పింది, పుస్తకంలో రాయించింది, తలుపు తగిలిందన్నది, అన్నీ. కోడలి తప్పు లేదని పదిసార్లు చెప్పింది. కరుణ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది! ఆయన వేళ్లు కదలడం తాను కూడా చూశానని, అదేమిటని అడగాల్సింది, సంతోషంలో అడగలేదని తలపట్టుకుంది. మాబాషాకు మందు ఈ రోజే ఆపేస్తున్నామంది. రెండో గుంపు మొత్తం ఆగిపోతుందంది. అయినా ఆయన్ని వదిలిపెట్టబోమని, పదిహేను రోజులకొకసారి చూస్తూనే ఉంటామని చెప్పింది. ఇంతకీ ఆయన మింగిన మాత్రల్లో మందు ఉందా, ఉత్త పొడేనా అంటే, అది తనకూ తెలియదంది. ఈ రోజుకూ హమీదాబీకి తెలియదు.

హాల్లోకి వచ్చేసరికి విజయమ్మ ఎదురుగా నిలబడి ఉంది. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. కొట్టినా పడదామని హమీదాబీ తల దించుకుంది.

"నాకు ఆశ పెట్టినావు," అంది విజయమ్మ. సుబ్బయ్య కేసి చూసి, "ఇంగొక్క నిమిషం నువ్వు నోరు తెరవకపోయింటే మింగింటాడు," అంది. పక్కనే సుబ్బయ్య ఖాళీ గ్లాసు పట్టుకుని, ఎవరిదో పెళ్లికి వచ్చినట్టు అందరినీ చూసి నవ్వుతున్నాడు. విజయమ్మ ఆ గ్లాసు తీసుకుని బల్ల మీద పెట్టింది. "పో అక్కా. బస్సు టైమైతాది."

బస్టాండులో మధ్యాహ్నపు ఎండ కమ్మీల మీద పడి కళ్లు మిరుమిట్లు గొలుపుతోంది. హమీదాబీ భర్త చెయ్యి పట్టుకుని ఆళ్లగడ్డ బస్సు ఆగేచోటికి నడుస్తోంది. ఒక స్తంభం దగ్గర మాబాషా ఠక్కున ఆగిపోయాడు. చెయ్యి విడిపించుకుని, స్తంభం చాటుకు జరిగాడు. నెత్తి మీది తుండుగుడ్డ తీసి భుజాన వేసుకున్నాడు. నడుము నిటారైంది. మోకాలి మీద చెయ్యి లేదు.

"గమ్మునుండమ్మా," అన్నాడు. హమీదాబీ ఆయన కేసి తిరిగింది. ఆ తీరు తనది కాదు. ఎన్నో నెలల తర్వాత విన్న ఆయన సొంత మాట తీరు! "కనపడతాది."

"ఎవరికి?"

"ఆడ కూసోనుండాది కదా, పిల్లోన్ని ఎత్తుకోని. మా ఇంటామె."

ఆయన చూపిన వైపు చూసింది. బెంచీ మీద ఒక మూల కాలేజీ పిల్ల ఫోను చూసుకుంటోంది. రెండో మూల ఖాళీ. ఆ ఖాళీ కేసే రెప్ప వేయకుండా చూస్తున్నాడు ఆయన. హమీదాబీకి అక్కడ ఎవరో ఉన్నారనే అనిపించింది. పిల్లవాడి ఏడుపు కూడా వినబడుతుందేమోనని భయం వేసింది.

నెలల తరబడి ఆయన్ని వేల ప్రశ్నలు అడిగింది తాను. ప్రతిదానికీ బదులు తనకు ముందే తెలుసు. బదులు తెలియని ప్రశ్న ఇప్పుడు మొదటిసారి అడిగింది.

"పిలవలేదేం?"

"పిలిస్తే వస్తాది," అన్నాడు, చూపు తిప్పకుండా. "పిలిస్తే వచ్చేది వేరేలేమ్మా. మాయమ్మ అన్న మాటలకు నేను నోరెత్తలేదు. ఇప్పుడు ఏ మొగం పెట్టుకోని పిలిచేది?"

"బస్సెక్కి పోతే?"

"పోతే ఎనకమాల నేనూ ఎక్కుతా. ఆమె ఇల్లు చేరేదాకా చూసి తిరుక్కుంటా. సేతిలో పసిపిల్లోడు ఉండాడు కదా."

హమీదాబీ కొంగు నోట్లో కుక్కుకుంది. ఏడుపు బయటికి వస్తే ఆయన చెదిరిపోతాడేమో, ఈ మాట తీరు మళ్లీ పోతుందేమో! ఆళ్లగడ్డ బస్సు వచ్చి ఆగింది. ఎక్కుదాం రా అని చెయ్యి పట్టుకుంటే ఆయన కదలలేదు. ఆమె లేచేదాకా నేను ఈడ నుంచి కదలనన్నాడు. తర్వాత, పక్కనున్న ఈ ముక్కూ ముఖం తెలియని ముసలామె మీద నమ్మకం కుదిరినట్టు, గొంతు తగ్గించాడు.

"ఆమెకు చెప్పొద్దు, నేను చూసినానని. సిగ్గుపడతాది."

"చెప్పను," అంది హమీదాబీ.

ఆయన చెయ్యి వదిలేసింది. ఎండలోంచి ఒక్కతే నడిచి వెళ్లి, ఆ బెంచీ మీద, ఆ ఖాళీలో కూర్చుంది. ఒళ్లో ఏమీ లేకపోయినా చేతులు రెండూ దగ్గరికి చేర్చి పెట్టుకుంది. కాలేజీ పిల్ల తలెత్తి చూసి, మళ్లీ ఫోనులో పడింది. కాసేపు అట్లాగే కూర్చుని, కళ్లు తుడుచుకుని లేచింది. ఆళ్లగడ్డ బస్సు వైపు నడిచింది. కండక్టరు తొందరపెడుతున్నాడు. నాలుగడుగులు వేసేసరికి వెనక చెప్పుల చప్పుడు మొదలైంది. దగ్గరికి రాదు, దూరం పోదు, ఆమె అడుగుకు అడుగు. మెట్టు మీద కాలు పెట్టినప్పుడు కూడా హమీదాబీ వెనక్కి తిరిగి చూడలేదు.